మిల్లు మూతపడ్డాక... మలి వయసులో మళ్లీ పని

* చేతిలో విద్య ఉన్నా చూపడానికి కాగితం లేక అవస్థ
* తెరుచుకుంటుందన్న ఆశలోనే కరిగిపోతున్న ఏళ్లు
* రావాల్సిన సొమ్ముపై అవగాహన అంతంతమాత్రం

కాగజ్‌నగర్: కాగితం పేరునే ఊరి పేరుగా పెట్టుకున్న పట్టణమిది. నిజాం హయాంలో 1938లో సిర్పూర్ పేపర్ మిల్లుకు అంకురార్పణ జరిగాక కొత్తపేట కాస్తా కాగజ్‌నగర్‌గా మారింది. తాత, తండ్రి, మనవడు ఒకే గేటులోంచి పనికి వెళ్లిన కుటుంబాలు ఇక్కడ కోకొల్లలు. అటువంటి మిల్లులో 2014 సెప్టెంబరులో ఉత్పత్తి ఆగిపోయింది. 2018 ఆగస్టులో కొత్త యాజమాన్యం ఆధ్వర్యంలో పునఃప్రారంభానికి శ్రీకారం చుట్టే వరకు, దాదాపు నాలుగేళ్ల పాటు పొగగొట్టాలు చల్లబడే ఉన్నాయి. ఆ నాలుగేళ్లలో పాతికేళ్ల కుర్రాడు హైదరాబాద్ బస్సెక్కాడు. యాభై ఎనిమిదికి చేరువైనవారు ఎలాగోలా పింఛను వయసు వరకు నెట్టుకొచ్చారు. ఎటూ కాకుండా నలిగిపోయింది నలభై అయిదుకూ యాభై అయిదుకూ మధ్యనున్న కార్మికులు. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్లిళ్లు, ఇంటి అప్పు అన్నీ ఒక్కసారే మీద పడే వయసది. కొత్తగా పని ఇచ్చేవారు ముఖం చాటేసే వయసు కూడా అదే.

ఒక్క కాగజ్‌నగర్‌కే పరిమితమైన కథ కాదిది. మిల్లు, ఫ్యాక్టరీ, ప్రైవేటు పాఠశాల... సంస్థ ఏదైనా మలి వయసులో కొలువు పోయినవారికి ఎదురయ్యే చిక్కులు ఇంచుమించు ఒకేలా ఉంటున్నాయి. అనుభవం ఉంది, ఒంట్లో సత్తువ ఉంది. అయినా పని దొరకదు. ఎందుకు దొరకడం లేదో, దొరికినవారికి ఎలా దొరికిందో పరిశీలిస్తే కొన్ని వాస్తవాలు తేటతెల్లమవుతాయి.

ఎదురుచూపులకు అంతేదీ?

మూతపడిన కర్మాగారం మళ్లీ తెరుచుకుంటుందన్న ఆశ కార్మికుణ్ని కదలనివ్వదు. రేపో మాపో తెరుస్తారన్న కబురు ప్రతి పండుగకూ ఒకసారి ఊరంతా చుట్టబెడుతుంది. ఎన్నికలు దగ్గరపడితే ఆ కబురుకు మరింత బలం చేకూరుతుంది. వేరే ఊళ్లో పనికి కుదిరితే ఇక్కడి హక్కు పోతుందేమోనన్న భయం దీనికి తోడవుతోంది.

ఉత్తర తెలంగాణలోని అనుభవాలనే తీసుకుంటే ఈ ఆశకు ఓ లెక్కంటూ లేదని స్పష్టమవుతుంది. సిర్పూర్ మిల్లు నాలుగేళ్లకు తెరుచుకుంది. రామగుండంలోని ఎరువుల కర్మాగారం 1999లో మూతపడగా, అదే ప్రాంగణంలో కొత్త కర్మాగారం వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించింది 2021 మార్చిలో. పాత కర్మాగారం ఆగిన నాడు నలభై ఏళ్ల వయసున్న కార్మికుడికి కొత్తది నడిచేనాటికి అరవై రెండేళ్లు. పైగా పాతది బొగ్గు ఆధారంగా నడిచినది, కొత్తది సహజవాయువుతో నడుస్తున్నది. వరంగల్‌కు వన్నె తెచ్చిన ఆజంజాహి మిల్లు 1934లో పుట్టి 2002లో మూతపడి, ఇక తెరుచుకోనే లేదు. ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలోని రేయాన్స్ గుజ్జు కర్మాగారంలో 2014లో ఉత్పత్తి నిలిచిపోయింది. బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారంలో 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. ఒకటి నాలుగేళ్లకు తెరుచుకుంటే, మరొకటి ఇరవై రెండేళ్లకు వేరే రూపంలో వచ్చింది. ఇంకొకటి రానేలేదు.

ఇక్కడ ఓ అపోహను తొలగించాల్సి ఉంది. బతుకుతెరువు కోసం వేరేచోట పనికి కుదిరినంత మాత్రాన పాత యాజమాన్యం నుంచి రావాల్సిన గ్రాట్యుటీ, పరిహారం, వేతన బకాయిలపై హక్కు పోదు. అవి గడిచిన సర్వీసుకు సంబంధించినవి. కనుక గేటు దగ్గర కాపలా కాయడం వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదు. తెరుచుకున్న మిల్లు సైతం పాత మిల్లులా ఉంటుందన్న భరోసా లేదు. యాజమాన్యం మారినప్పుడు షరతులు మారడం, యంత్రాలు మారినప్పుడు మనుషుల సంఖ్య తగ్గడం పరిపాటి.

వయసా... హోదానా?

పెద్ద సంస్థల్లో పర్మనెంటు కొలువుకు ముప్పై అయిదు దాటినవారిని తీసుకోవడం అరుదు. ఐటీఐ ముగించిన కుర్రాళ్లు అప్రెంటిస్‌గా తక్కువ భత్యానికే దొరుకుతుండగా, పాతికేళ్ల అనుభవజ్ఞుడికి ఎక్కువ ఇవ్వాల్సి వస్తుందన్నది యాజమాన్యాల లెక్క. ఆరోగ్యం సహకరిస్తుందో లేదోనన్న శంక, యూనియన్ అలవాటు వెంట తెస్తాడేమోనన్న జంకు కూడా లోలోపల పనిచేస్తుంటాయి. పైకి మాత్రం ఎవరూ చెప్పరు.

వయసు కంటే పెద్ద అడ్డంకి మరొకటుంది. ముప్పై ఏళ్లు ఒకేచోట చేసిన వ్యక్తిని ‘నీకేం పని వచ్చు?’ అని అడిగితే, ‘మిల్లులో ఫోర్‌మన్‌ను’ అంటాడు. అది పని కాదు, హోదా. ఆ హోదా ఆ గేటు లోపలే చెల్లుతుంది. బయట అడిగేది వేరు. పంపు విప్పి బేరింగు మార్చగలవా? మోటారు వైండింగు చూడగలవా? ఆవిరి లైను లీకేజీ ఎక్కడుందో పట్టగలవా? కొలువు తిరిగి దొరికించుకున్నవారిలో అత్యధికులు తమ పాత పనిని ఇలా విడివిడి పనులుగా చెప్పుకోగలిగినవారే.

కాగితపు మిల్లునే చూడండి. పేపర్ మెషీన్ మీద కాగితం మందం, తేమ చూసి సరిచేసే నేర్పరికి ఆ నేర్పు మరో కాగితపు మిల్లులోనే పనికొస్తుంది. తెలుగునాట అటువంటి పెద్ద మిల్లులు వేళ్లమీద లెక్కపెట్టదగినన్నే. భద్రాచలం సమీపంలోని సారపాక, గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరం వంటివి. అక్కడికి కుటుంబాన్ని తరలించడమంటే మాటలు కాదు. అదే బాయిలర్ దగ్గర పనిచేసినవాడికి దారులు అనేకం. పెద్దపల్లి, కరీంనగర్, నిజామాబాద్, నల్గొండ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం తీసే మిల్లులన్నిటికీ ఆవిరి కావాలి. చక్కెర, మందుల కంపెనీలు, పాలడెయిరీలకూ కావాలి. బాయిలర్‌ను అర్హత పత్రం ఉన్నవారి చేతికే అప్పగించాలన్నది చట్టం. రాష్ట్ర బాయిలర్ల శాఖ పరీక్ష పెట్టి ఇచ్చే అటెండెంటు సర్టిఫికెట్ ఉంటే యజమాని వయసు గురించి రెండోసారి అడగడు. ఆ పత్రం లేకుండా ఇరవై ఏళ్లు బాయిలర్‌కు సహాయకుడిగా గడిపినవారు మాత్రం సహాయకులుగానే మిగిలిపోతున్నారు. కొలువు ఉన్ననాడే ఆ పరీక్ష రాసి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది. ఇప్పుడైనా సర్వీసు ధ్రువపత్రం తీసుకుని పరీక్షకు అర్హత ఏమిటో బాయిలర్ల శాఖ కార్యాలయంలో విచారించుకోవడం మేలు.

ఎలక్ట్రీషియన్ల సంగతీ అంతే. వైర్‌మన్ పర్మిట్ ఉన్నవాడు కాంట్రాక్టర్ల దగ్గర నిలబడగలుగుతాడు, లేనివాడు దినకూలీ. ఫిట్టర్లు, వెల్డర్లు, రిగ్గర్లకు ఈ ప్రాంతంలో ఉన్న పెద్ద ఆసరా షట్‌డౌన్ పనులు. రామగుండం, జైపూర్ విద్యుత్ కేంద్రాలు, దేవాపూర్ సిమెంటు కర్మాగారం వంటివి ఏటా కొన్ని రోజులు యంత్రాలు ఆపి మరమ్మతులు చేయిస్తుంటాయి. ఆ పనులు దక్కించుకున్న కాంట్రాక్టర్లకు తక్కువ వ్యవధిలో నేర్పరులు కావాలి. అక్కడ పుట్టినతేదీ కన్నా చేతివాటానికే విలువ. పని కొన్ని వారాలే అయినా, ఒకచోట చేసినతనాన్ని చూసి కాంట్రాక్టరు మరోచోటికి పిలవడం రివాజు. ఆదిలాబాద్ ప్రాంతంలోని పత్తి జిన్నింగు మిల్లులకు కూడా సీజన్ మొదలయ్యే ముందు యంత్రాలు సిద్ధం చేసే ఫిట్టర్లు అవసరమవుతారు. దసరా దాటాక వెళ్లి అడిగితే అప్పటికే మనుషులు కుదిరిపోయి ఉంటారు. వానాకాలంలోనే మాట్లాడుకోవాలి.

ఫినిషింగ్ హౌస్‌లో కాగితం కోసి, లెక్కించి, రీములు కట్టిన కార్మికుల నేర్పు ప్రింటింగ్ ప్రెస్సుల్లోనూ నోటుపుస్తకాల తయారీలోనూ చెల్లుతుంది. స్టోర్సులో చేసినవారికి గోదాములు, మందుల హోల్‌సేల్ దుకాణాలు ఉన్నాయి, కంప్యూటర్‌లో సరకు లెక్క నమోదు చేయడం నేర్చుకుంటే. ఏ విద్యా లేదనుకున్నవారు చివరికి చేరేది సెక్యూరిటీ గార్డు పనికే. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 65 ఏళ్లలోపు వారిని గార్డుగా తీసుకునేందుకు అనుమతిస్తున్నది. కానీ అనేకచోట్ల పన్నెండు గంటల డ్యూటీ. యాభై దాటిన ఒంటికి రాత్రి డ్యూటీలు ఎంతకాలం సరిపడతాయన్నది ఆలోచించుకుని దిగాల్సిందే.

ప్రకటనల కన్నా పరిచయాలే...

ఉపాధి కల్పన కార్యాలయంలోనూ, కేంద్ర ప్రభుత్వం 2015లో తెచ్చిన జాతీయ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లోనూ పేరు నమోదు చేసుకోవడానికి ఖర్చేమీ లేదు, చేసుకోవాలి కూడా. అయితే మలి వయసు కార్మికులకు పని దొరికిన తీరు గమనిస్తే, అది ఎక్కువగా తెలిసిన మనిషి నోటి మాట ద్వారానే. ముందుగా వెళ్లి కుదురుకున్న పాత సహోద్యోగి, మిల్లుకు విడిభాగాలు సరఫరా చేసిన వ్యాపారి, యంత్రాల రిపేరుకు వచ్చిపోయిన సర్వీసు ఇంజినీరు, షట్‌డౌన్ కాంట్రాక్టరు దగ్గరి మేస్త్రీ... వీరికి ఆ కార్మికుడి పనితనం కళ్లారా తెలుసు. దరఖాస్తులో రాయలేనిది వారు ఒక్క ఫోన్‌లో చెప్పగలరు. మొహమాటం వల్లనో, కొలువు పోయిందన్న నామోషీ వల్లనో ఈ పరిచయాలను ఆరునెలలు, ఏడాది దాకా కదిలించనివారే అధికం. అంతలో ఆ మనుషులు మారిపోతున్నారు, ఫోన్ నంబర్లూ మారిపోతున్నాయి.

కాగితమే కొండంత అండ

గేటుకు తాళం పడిన నాడు ఇల్లు చేరిన కార్మికుడి దగ్గర ఎన్ని కాగితాలు ఉంటాయన్నది చాలావరకు అతని భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది. నియామక పత్రం, వేతన చీటీలు, గుర్తింపు కార్డు, ఎన్నేళ్లు ఏ విభాగంలో చేశాడో తెలిపే సర్వీసు సర్టిఫికెట్, పీఎఫ్ యూఏఎన్ నంబరు... ఇవన్నీ మూసివేత తర్వాత సంపాదించడం గగనకుసుమం. టైమ్ ఆఫీసు సిబ్బంది కూడా రోడ్డున పడ్డాక సంతకం పెట్టేదెవరు? కాంట్రాక్టు కార్మికుల దుస్థితి మరీ ఘోరం. ఏళ్లతరబడి అదే యంత్రం దగ్గర పనిచేసినా ముగ్గురు నలుగురు కాంట్రాక్టర్ల పేరు మీద సర్వీసు ముక్కలై ఉంటుంది. పేరులో ఒక్క అక్షరం, పుట్టినతేదీలో ఒక్క అంకె ఆధార్‌తో సరిపోక పీఎఫ్ సొమ్ము నిలిచిపోయినవారు ప్రతి పారిశ్రామిక పట్టణంలోనూ కనిపిస్తారు. ఈ సవరణలు యాజమాన్యం ఉనికిలో ఉండగానే చేయించుకోవాలి.

చదువు తక్కువై, పని మాత్రం బాగా తెలిసినవారికి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద పూర్వ నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువీకరించే ఏర్పాటు ఉంది. ఆ ఒక్క పత్రంతోనే కొలువు వచ్చిపడదు గానీ, చేతిలో ఏమీ లేనివాడికి అదొక ఆధారం.

ఏ సొమ్ము ఎంత?

గ్రాట్యుటీ వేరు, మూసివేత పరిహారం వేరు. రెండూ ఒకటేననుకుని ఒకదానికి సంతకం పెట్టి రెండోది వదులుకున్న సందర్భాలు లేకపోలేదు. గ్రాట్యుటీకి చివరి నెల మూలవేతనం, కరవు భత్యం కలిపి 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో హెచ్చిస్తారు. ఆ మొత్తం నెలకు 18 వేలైతే, 24 ఏళ్లకు సుమారు 2 లక్షల 49 వేల రూపాయలు వస్తుంది. గరిష్ఠ పరిమితి 2018 నుంచి 20 లక్షలు. తొలగింపు పరిహారం దీనికి అదనం. ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం చొప్పున ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అదే కొలమానం కొనసాగింది. తొలగించిన కార్మికుడికి నైపుణ్య శిక్షణ నిధి కింద మరో 15 రోజుల వేతనం అతని ఖాతాకు 45 రోజుల్లో చేరాలన్నది ఈ కోడ్‌లో కొత్తగా వచ్చిన అంశం. ఏడాదిలోపు అదే సంస్థ మళ్లీ మనుషులను తీసుకుంటే తొలగించినవారికే ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులో ఉంది.

ఈ రక్షణలు ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోకి వచ్చేవారికే. పర్యవేక్షణ విధుల్లో ఉండి నెలకు 18 వేలకు పైగా వేతనం పొందేవారు ఆ నిర్వచనం వెలుపల ఉంటారు. కిందిస్థాయి నుంచి ఎదిగి, పదవీ విరమణకు పదేళ్ల ముందు సూపర్‌వైజర్ అయినందుకు మిఠాయిలు పంచినవారు, తీరా సమయం వచ్చేసరికి పరిహారం అడిగే దారి లేక నిలబడిపోవడం విచిత్రమే. గ్రాట్యుటీకి మాత్రం ఈ తేడా వర్తించదు, సూపర్‌వైజర్లకూ అది దక్కుతుంది.

సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్తే పద్ధతి మారుతుంది. కంపెనీ లా ట్రైబ్యునల్ ఆదేశంతో నియమితుడైన రిజల్యూషన్ ప్రొఫెషనల్ పత్రికల్లో ప్రకటన ఇస్తారు. కార్మికుడు తనకు రావాల్సిన బకాయిల వివరాలను అందులో పేర్కొన్న గడువులోగా క్లెయిమ్ ఫారంలో సమర్పించాలి. యూనియన్ చూసుకుంటుందిలే అన్న ధీమాతో ఊరుకోకుండా, జాబితాలో తన పేరు, మొత్తం సరిగా ఉన్నాయో లేదో స్వయంగా సరిచూసుకోవాలి. ఒకవేళ సంస్థ ఆస్తుల విక్రయం దాకా వెళ్తే, అంతకు ముందు 24 నెలల కార్మికుల బకాయిలకు బ్యాంకుల హామీ అప్పుతో సమానమైన స్థానం కల్పించింది దివాలా చట్టం.

పీఎఫ్ పింఛను విషయంలో జరుగుతున్న నష్టం అంతా ఇంతా కాదు. 1995 నాటి పింఛను పథకం ప్రకారం పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు నెలనెలా పింఛను అందుతుంది. ఏడేళ్ల సర్వీసున్న కాంట్రాక్టు కార్మికుడు అక్కర కొద్దీ పింఛను నిధిని కూడా వెనక్కి తీసుకుంటే ఆ ఏడేళ్లూ తుడిచిపెట్టుకుపోయినట్టే. అలాకాక స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని, కొత్త యజమాని దగ్గర అదే యూఏఎన్ నంబరు ఇచ్చి మరో మూడేళ్లు చేస్తే పదేళ్లు పూర్తవుతాయి. పింఛనుకు లెక్కించే వేతనాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించడం సూత్రం. 15 వేల వేతనం మీద 14 ఏళ్లకు నెలకు 3 వేలు. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ బతికినంత కాలం వస్తుంది. ఉద్యోగం లేనివారు 50 నిండాక ముందుగానే పింఛను అడగవచ్చు. అయితే 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది, ఆ కోత జీవితాంతం ఉంటుంది. చిన్న మిల్లులో చేరేటప్పుడు జీతం ఎంతన్నదానితో పాటు పీఎఫ్ కడతారా లేదా అన్నది కూడా అడగాల్సింది ఇందుకే.

చేతికొచ్చిన సొమ్ముతో దుకాణమా?

ఒక్కసారిగా రెండు మూడు లక్షలు చేతిలో పడగానే కిరాణా కొట్టో, ఆటోనో అన్న ఆలోచన రావడం సహజం. కానీ మిల్లు మూతపడిన ఊళ్లో కొనేవారి చేతిలోనూ పైసలుండవన్న సంగతిని చాలామంది విస్మరిస్తున్నారు. ఒకే వాడలో నెల వ్యవధిలో అరడజను కిరాణా కొట్లు వెలిస్తే అవి ఒకరికొకరు అరువు పెట్టుకోవడానికే సరిపోతాయి. ఊరి జీతాల మీద ఆధారపడని పని ఏదైనా కాస్త నిలుస్తుంది. పల్లెల్లో బోరు మోటార్ల రిపేరు, వరికోత యంత్రాల వెల్డింగు, పాఠశాలలకు నోటుపుస్తకాల తయారీ వంటివి ఈ కోవలోకి వస్తాయి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకానికి వయోపరిమితి గరిష్ఠంగా ఏదీ లేదు, 18 నిండితే చాలు. గ్రామీణ ప్రాంతంలో జనరల్ వర్గానికి 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, మహిళలు తదితరులకు 35 శాతం రాయితీ లభిస్తుంది. మిగతాది బ్యాంకు రుణం. సొంత వాటా అయిదు నుంచి పది శాతం. ప్రాజెక్టు రిపోర్టు రాయించే దళారులకు వేలకు వేలు సమర్పించుకోకుండా జిల్లా పరిశ్రమల కేంద్రంలో నేరుగా విచారించుకోవచ్చు.

గల్ఫ్ బాట పట్టాలనుకునేవారు మరింత జాగ్రత్త వహించాలి. జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా వలసలున్నందున ఏజెంట్లకు కొదవలేదు. కానీ అక్కడి కంపెనీల వయోపరిమితి, వైద్య పరీక్షలు యాభైకి చేరువైన వారికి పెద్ద గండాలు. రక్తపోటు, మధుమేహం, పాత ఊపిరితిత్తుల మచ్చ... ఏది బయటపడినా కట్టిన డబ్బు తిరిగి రావడం దుర్లభం. ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. చట్టప్రకారం అతడు వసూలు చేయదగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. ఇల్లు తాకట్టు పెట్టించి లక్షలు అడిగేవాడు ఏ కోవకు చెందినవాడో వేరే చెప్పనక్కర్లేదు.

కంపెనీ క్వార్టర్లలో ఉంటున్న కుటుంబాలకు మరో బెంగ ఉంటుంది. ఖాళీ చేస్తే తిరిగి రాదని మగవారు ఊరు కదలరు, కదలకపోతే పని దొరకదు. ఈ చిక్కుముడిని చాలా ఇళ్లలో విప్పింది ఆడవారే. భర్త పెద్దపల్లిలోనో, జైపూర్‌లోనో గది తీసుకుని పని చేసుకుంటుండగా, భార్య బీడీలు చుట్టో, మిషను కుట్టో, బడిలో వంట చేసో ఇల్లు గడుపుతూ పిల్లల చదువు ఏడాది మధ్యలో ఆగకుండా చూసుకుంటుంది. మొదటి ఆరునెలలు వచ్చే జీతం మిల్లు జీతంలో సగమే అయినా, మిల్లు సొమ్ము కరిగిపోకుండా అది ఆపుతుంది. జూన్‌లో బడులు తెరిచే వేళకు కుటుంబమంతా వెళ్లాలా, భర్తే వారానికోసారి వచ్చిపోవాలా అన్నది అప్పుడు తీరిగ్గా తేల్చుకునే వీలు చిక్కుతుంది.